గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు, వయసు 38. హార్మోన్ మాత్రలు వాడాలా? క్యాన్సర్ వస్తుందంటున్నారు?

ముందు డిశ్చార్జ్ సమ్మరీ చూడండి. అందులో 'టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ' అని ఉంటే రెండు అండాశయాలూ తీసేసినట్టే. 'టీఏహెచ్' (గర్భసంచి తీసేయడం) ఒక్కటే ఉంటే అవి మిగిలే ఉండొచ్చు, డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి. మన రెండు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చాలామంది. ఏం తీశారో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మామూలుగా కొన్నేళ్లపాటు మెల్లగా తగ్గుతుంది. అండాశయాలు తీసేస్తే కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. అందుకే ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం. వీటికంటే పెద్ద నష్టం కంటికి కనపడదు: ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కాబట్టి 45 లోపు వాళ్లకు, వద్దనడానికి కారణం లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్ ఇవ్వడమే సరైన పద్ధతి.

క్యాన్సర్ భయం ఎక్కువగా 2002లో వచ్చిన అమెరికా అధ్యయనం నుంచి పుట్టింది. అందులోని స్త్రీల సగటు వయసు 63, వాళ్లు వాడింది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్ రెండూ కలిపిన మాత్ర. గర్భసంచి లేనివాళ్లకు సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. అదే అధ్యయనంలోని మరో విభాగంలో అది ఒక్కటే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం) ఉంటే మాత్రం ప్రొజెస్టిరాన్ కూడా అవసరం కావచ్చు.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు. గడ్డల ముప్పు ఉంటే మాత్ర కంటే చర్మానికి రాసే జెల్ మేలు, డాక్టర్‌ని దాని గురించి అడగండి.