రాగి రేకు మీద ఎథిలీన్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: కార్బన్ డయాక్సైడ్ నుంచి కరెంటుతో ఎథిలీన్ తయారుచేయడం మా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఒక చదరపు సెంటీమీటరు రాగి రేకు, 50 మి.లీ. 0.1 మోలార్ పొటాషియం బైకార్బనేట్, ఎదురుగా ప్లాటినం తీగ. మొదటి అరగంట ఎథిలీన్ బాగానే వస్తోంది, తర్వాత అంతా హైడ్రోజనే. రాగి చెడిపోతోందా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: రాగి కంటే ముందు ద్రావణాన్ని, ప్లాటినం తీగని అనుమానించండి.

రాగి మీద మీథేన్, ఎథిలీన్ వస్తాయని 1985–86లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో యోషియో హోరి బృందం చూపించింది. మధ్యలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌ను వెండి, బంగారం వదిలేస్తాయి. ఇనుము, ప్లాటినం గట్టిగా పట్టేసుకుంటాయి, ఇక వాటి మీద హైడ్రోజనే మిగులుతుంది. రాగి పట్టు ఈ రెంటికీ మధ్యస్థం. కాబట్టి ద్రావణంలో మలినంగా ఉన్న ఇనుము రాగి మీద పేరుకుంటే అది ఇనుప ఎలక్ట్రోడ్‌లాగే నడుస్తుంది.

ఎంత ఇనుము కావాలి? మీ 50 మి.లీ.లో 0.1 పీపీఎం (పది లక్షల్లో 0.1 వంతు) ఉందనుకోండి, అంటే 5 మైక్రోగ్రాములు. ఆ రేకు పైపొరలో ఉన్న రాగి పరమాణువులకు ఇది ముప్పై రెట్లకు పైగా! కొన్న లవణంలో ఇంతమాత్రం మలినం మామూలే.

పరీక్ష తేలిక. కింద చెప్పినట్టు ద్రావణాన్ని శుద్ధిచేసి, ప్లాటినం మార్చి, కొత్తగా పాలిష్ చేసిన రేకు పెట్టండి. అరగంట దాటినా ఎథిలీన్ పడిపోకపోతే దోషం రాగిది కాదు.

ద్రావణాన్ని లోహ అయాన్లను పట్టుకునే కీలేటింగ్ రెజిన్‌తో ఒక రోజు కలియబెట్టి వడగట్టండి. లేదా వేరే రాగి రేకును రుణ ధ్రువంగా, అంటే కాథోడ్‌గా పెట్టి రాత్రంతా కొద్దిపాటి కరెంటు పంపి, మలినం పేరుకున్న ఆ రేకు పారేయండి. ప్లాటినం ఆనోడ్ (ధన ధ్రువం) దగ్గర కరిగి రాగి మీదికి చేరుతుంది. దాని బదులు గ్రాఫైట్ కడ్డీ వాడండి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్యలో ఆనయాన్ (రుణ అయాన్) మార్పిడి పొర తప్పనిసరి. పొర లేకుంటే తయారైన ద్రవ పదార్థాలు ఆనోడ్ దగ్గర మళ్లీ ఆక్సీకరణం చెందుతాయి కూడా. రేకును 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఆనోడ్‌గా పెట్టి ఎలక్ట్రోపాలిష్ చేసి, డీఅయనైజ్డ్ నీటితో బాగా కడగండి.

కార్బన్ డయాక్సైడ్ వాయువు పంపాక ద్రావణం పీహెచ్ 6.8 దగ్గరికి రావాలి. 8 దాటి ఉంటే కార్బన్ డయాక్సైడ్ సరిగా అందడం లేదు.

కొలతలోనూ జాగ్రత్త. ఎథిలీన్ అణువుకు 12 ఎలక్ట్రాన్లు కావాలి. 10 మిల్లీ ఆంపియర్లు గంటసేపు నడిపితే, కరెంటంతా దానికే పోయినా వచ్చేది 0.76 మి.లీ. మాత్రమే. చిన్న లీకు ఉన్నా గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో అంకెలు తప్పుతాయి. బయటికొచ్చే వాయువులో విషమైన కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి.