ఎండీ గారి మెయిల్ పీఏ చూసుకోవాలంటే ఏ పర్మిషన్ ఇవ్వాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఆఫీసులో మైక్రోసాఫ్ట్ 365 వాడుతున్నారు. ఎండీ గారి మెయిల్, క్యాలెండర్ ఇకమీద కొత్త పీఏ చూసుకోవాలి. పాత పీఏకి ఇచ్చినట్టే పాస్‌వర్డ్ ఇచ్చేద్దామా, లేక ఫుల్ యాక్సెస్ పెట్టేసి వదిలేద్దామా అని.

పాస్‌వర్డ్ మాత్రం వద్దు. ఇచ్చినా లాగిన్ అప్రూవల్ (పాస్‌వర్డ్ కొట్టాక వచ్చే రెండో తనిఖీ) ఎండీ గారి ఫోన్‌కే వెళ్తుంది, స్క్రీన్ మీద కనబడే నంబర్ ఆయన ఫోన్‌లో కొట్టాలి. రోజూ అదే గోల అయితే ఎవరు ఏ నంబర్ చెప్పినా ఆలోచించకుండా కొట్టేయడం ఆయన అలవాటు చేసుకుంటారు. రేపు ఏ దొంగో ఫోన్ చేసి నంబర్ చెప్పినా అలాగే కొట్టేస్తారు.

చిన్న కంపెనీలకు ఐటీ సపోర్ట్ చేస్తుంటాను. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినబడేది "ఫుల్ యాక్సెస్ ఇచ్చాం, అయినా మెయిల్ పోవట్లేదు" అని. పోదు మరి. ఫుల్ యాక్సెస్ ఉన్నవాళ్లు మెయిల్‌బాక్స్ తెరవగలరు, చదవగలరు, డిలీట్ కూడా చేయగలరు. పంపడానికి మాత్రం వేరే పర్మిషన్ కావాలి, అందులోనూ రెండు రకాలు. సెండ్ యాజ్ ఇస్తే మెయిల్ అచ్చం ఎండీ గారే పంపినట్టు వెళ్తుంది, అందుకున్నవాళ్లకు పీఏ పేరు ఎక్కడా కనబడదు. సెండ్ ఆన్ బిహాఫ్ ఇస్తే ఎండీ తరఫున ఫలానా వారు పంపారని ఇద్దరి పేర్లూ కనబడతాయి. రెండూ ఇచ్చేస్తే సెండ్ యాజ్‌దే పైచేయి, కాబట్టి ఉంటే ఉంటుందిలే అని రెండూ పెట్టకండి.

పీఏ విషయంలో నా ఓటు సెండ్ ఆన్ బిహాఫ్‌కే. ఎండీ పేరుతో ఒక వెండర్‌కి రేటు ఒప్పుకుంటూ మెయిల్ వెళ్లిందనుకోండి, ఎవరు పంపారో మీకు ఆడిట్ లాగ్‌లో (ఎవరు ఏం చేశారో సిస్టమ్ రాసుకునే రికార్డులో) దొరుకుతుంది గానీ ఆ లాగ్ వెండర్‌కి కనబడదు కదా. సెండ్ యాజ్ నప్పేది అకౌంట్స్, సేల్స్ లాంటి షేర్డ్ మెయిల్‌బాక్సులకు. అక్కడ మనిషి పేరు ఎవరికీ అక్కర్లేదు.

అసలు ఫుల్ యాక్సెస్ అవసరమా అన్నది కూడా చూడండి. జీతాలు, హెచ్‌ఆర్ గొడవలు అన్నీ ఆ మెయిల్‌బాక్స్‌లోనే ఉంటాయి. ప్రైవేట్ అని గుర్తు పెట్టినంత మాత్రాన తాళం పడినట్టు కాదు, ఫుల్ యాక్సెస్ ఉన్నవాళ్లు వేరే ప్రోగ్రాంలోంచి వాటిని చూడొచ్చు. ఎండీ గారి అవుట్‌లుక్‌లోనే పీఏని డెలిగేట్‌గా, అంటే ఆయన తరఫున పని చూసే వ్యక్తిగా చేర్చి, క్యాలెండర్‌కి ఎడిటర్, ఇన్‌బాక్స్‌కి రివ్యూయర్ ఇస్తే చాలాచోట్ల సరిపోతుంది. ఎడిటర్ అంటే మార్చగలరు కూడా, రివ్యూయర్ అంటే చదవడం వరకే. డెలిగేట్‌గా చేర్చగానే సెండ్ ఆన్ బిహాఫ్ కూడా దానితోపాటే వస్తుంది.

పీఏ పంపిన మెయిల్స్ మామూలుగా పీఏ సెంట్ ఐటమ్స్‌లోనే పడతాయి. ఎండీ గారు "ఏం పంపావమ్మా?" అని అడిగేలోపే, ఆయన ఫోల్డర్‌లోకీ కాపీ వెళ్లేలా అడ్మిన్ చేత సెట్టింగ్ పెట్టించండి.

ఇక పాత పీఏ సంగతి. పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైసుల్లో సెషన్లు సైనౌట్ చేయించండి. ఆమె కూడా డెలిగేట్‌గా ఉంటే, అకౌంట్ డిలీట్ చేయకముందే ఎండీ గారి అవుట్‌లుక్ డెలిగేట్ల లిస్టులోంచి పేరు తీయించండి. ఒక క్లయింట్ దగ్గర ముందే అకౌంట్ తీసేశారు. ఇన్విటేషన్లను డెలిగేట్‌కి కూడా పంపే దాచి ఉన్న రూల్ ఒకటి మిగిలిపోయి, ఎండీకి మీటింగ్ ఇన్విటేషన్ పంపిన ప్రతివాళ్లకూ వెళ్లిపోయిన ఉద్యోగి పేరుతో బౌన్స్ మెయిల్ (మెయిల్ చేరలేదన్న సమాచారం) వచ్చేది. అది మామూలు రూల్స్ లిస్టులో కనబడదు, అక్కడ ఎంఎఫ్‌సీమ్యాపీ అనే టూల్‌తో మెయిల్‌బాక్స్ లోపలికి దిగి తీయాల్సి వచ్చింది. అన్నీ అయ్యాక బయటి జీమెయిల్ నుంచి ఎండీ గారికి ఒక మీటింగ్ ఇన్వైట్ పంపి చూడండి, ఏదైనా మిగిలితే అక్కడే బయటపడుతుంది.