భీమవరం వెళ్తున్న లెక్కల టీచరుకి

అమ్మాయీ,

డీఎస్సీలో లెక్కల పోస్టు కొట్టావనీ, భీమవరం టౌన్లో హైస్కూలు ఇచ్చారనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. అడిగావు కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

బీఈడీలో రాసిన లెసన్ ప్లాన్ల కట్ట పారెయ్యకు. కాకపోతే వాటిలో పిల్లలందరూ ఒకే అచ్చు, మనం అనుకున్న జవాబే చెబుతారు. నీ తొమ్మిదో తరగతి అలా ఉండదు. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉండేవాళ్ళ పిల్లలు, రొయ్యల ఫ్యాక్టరీ పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు, అమ్మ కువైట్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్ళు, అందరూ ఒకే గదిలో ఉంటారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఒడియా పిల్లకి రెండూ కొత్తే. ఆమెకి ముందు బొమ్మ గీసి చూపించు, మాటలు తర్వాత అవే వస్తాయి.

నువ్వు అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది తప్పు జవాబు వినడం. బోర్డు మీద 1/2 + 1/3 వెయ్యి. సగం మంది 2/5 అంటారు. వెంటనే ఇంటూ కొట్టకు, ఎలా వచ్చిందో చెప్పమను. ఎవడో ఒకడు లేచి, "రెండు బంతుల్లో ఒక ఫోరు, తర్వాత మూడు బంతుల్లో ఒకటి, మొత్తం ఐదింటిలో రెండు కదండీ" అంటాడు. వాడి లెక్కలో తప్పు లేదు. మనం అడిగింది వేరే లెక్క, అంతే. ఒకే కాగితంలో సగం, ఆ మొత్తం కాగితంలోనే మూడో వంతు కత్తిరించి పక్కపక్కన పెట్టించు. 2/5 అంటే సగం కంటే తక్కువని వాడే పట్టుకుంటాడు. పీరియడ్ మొత్తం పోయినా పోనీ. సిలబస్ వెనకబడిందని హెడ్మాస్టరు గారు ఒక మాట అంటారు, పడు.

వడ్డీ లెక్కలూ అంతే. పుస్తకంలో సంవత్సరానికి 24 శాతం అని ఉంటే బిక్కమొహం వేసే పిల్ల, ఇంట్లో "నూటికి రెండ్రూపాయల వడ్డీ" అన్న మాట రోజూ వింటూనే ఉంటుంది. అది నెలకి. పన్నెండుతో గుణించమను, చాలు. అయితే మీ ఇంట్లో అప్పెంత అని మాత్రం నలుగురిలో అడగొద్దు.

పోస్టు లెక్కలదే అయినా సైన్సు పీరియడ్లు కూడా నీ నెత్తిన పడతాయి, చూస్తూ ఉండు. భయపడకు. కిరణజన్య సంయోగక్రియ చెప్పేటప్పుడు, తెల్లవారుజామున చెరువులో ఏరేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు, ఎందుకు తిప్పుతారని అడుగు. కాపలావాళ్ళ అబ్బాయి "డీవో పడిపోద్దండి, రొయ్య పైకి తేలిపోద్ది" అంటాడు. డీవో అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్. అది ఎందుకు పడిపోతుందో వాడికి తెలియదు, అక్కడి నుంచి నువ్వు అందుకో. పగలు ఎండలో నీళ్ళలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి వెలుతురు లేక అది ఆగిపోతుంది. కానీ నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి ఆక్సిజన్‌ని వాడుకుంటూనే ఉంటాయి. అందుకే పొద్దు పొడిచే ముందు నీళ్ళలో అది బాగా తగ్గిపోతుంది. ఎప్పుడూ వెనక బెంచీలో ఉండే వాడికి ఆ రోజు క్లాసులో ఒక విలువ వస్తుంది.

స్టాఫ్ రూములో "అది డల్ బ్యాచ్ అమ్మా" అని మొదటి రోజే చెబుతారు. విని ఊరుకో. వాళ్ళలోనే బాగా చెప్పేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు, ఖాళీ పీరియడ్‌లో వాళ్ళ క్లాసు వెనక కూర్చో. నెలకోసారి నీ క్లాసుకీ రమ్మను. నువ్వు ఎవరిని ప్రశ్నలడిగావో, ఎవరిని అసలు చూడలేదో రాసి ఇమ్మను. మొహమాటంగా ఉంటుంది, అయినా అడుగు. మనకి తెలియకుండానే ముందు రెండు బెంచీలకే పాఠం చెబుతుంటాం.

ల్యాబ్ బీరువా తాళం ఎవరి దగ్గరుందో చేరిన రోజే కనుక్కో. చాలా బళ్ళలో అది బదిలీ అయిపోయిన మాస్టారితో వెళ్ళిపోయి ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ పాత లెక్కల మాస్టారు