ఉద్యోగంలో చేరుతున్న అమ్మలుకి పెదనాన్న రాసిన ఉత్తరం

అమ్మలూ,

ఆశీస్సులు. ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెల బెంగళూరు వెళ్ళి చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నీ టెన్నిస్ రాకెట్లు రెండూ ఎవరికైనా ఇచ్చేస్తానన్నావని కూడా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే "సరే పెదనాన్నా" అనేసి ఊరుకుంటావు.

"ప్రొఫెషనల్ అయ్యేది లేదని తేలిపోయింది, ఇంక ఆడి ఏం లాభం?" అన్నావట. వింబుల్డన్‌లోకి ప్రొఫెషనల్స్‌ని రానిచ్చిందే 1968లో. అంతకు ముందు పెద్ద టోర్నమెంట్లలో ఆడాలంటే డబ్బు తీసుకోకూడదు. అంటే ఆడేవాళ్ళకి తాతలిచ్చిన ఆస్తైనా ఉండాలి, చేతిలో ఉద్యోగమైనా ఉండాలి. నేను బ్యాంకులో చేరిన కొత్తలో, సాయంత్రాలు క్లబ్బుకి వెళ్ళే ఓపిక లేనప్పుడల్లా, ఆ కాలంలో ఉద్యోగం చేస్తూ ఆడిన ఒక జపాన్ ఆటగాణ్ణి తలుచుకునేవాణ్ణి. పేరు జెంజో షిమిజు. ఆయన సంగతి నీకు కాస్త వివరంగా చెప్పాలి.

1891లో గున్మా ప్రాంతంలో పుట్టాడు. ఆ రోజుల్లో జపాన్‌లో అసలైన టెన్నిస్ బంతులు విదేశాల నుంచి రావాలి, ఖరీదెక్కువ. అందుకని పిల్లలు మెత్తటి రబ్బరు బంతితో నేర్చుకునేవాళ్ళు. ఈయనా అంతే. టోక్యోలో కామర్స్ చదివి మిత్సుయి కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. కంపెనీ ఎక్కడికి పంపిందో తెలుసా? మన కలకత్తాకి. అక్కడ ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో గడ్డి కోర్టుల మీద గట్టి బంతితో ఆడి బెంగాల్ ఛాంపియన్‌షిప్ అనేకసార్లు గెలిచాడు. 1920లో వింబుల్డన్ వెళ్ళాడు. అప్పటి పద్ధతిలో కిందటి ఏడాది విజేత నేరుగా ఆఖరి మ్యాచ్ ఒక్కటే ఆడతాడు. మిగతా అందరూ తమలో తాము ఆడి, అతనికి ఎదురు నిలిచే ఒక్కణ్ణి తేల్చాలి. అలా తేల్చే ఫైనల్ దాకా షిమిజు వచ్చాడు. అక్కడ అమెరికా వాడు బిల్ టిల్డెన్ చేతిలో 6-4, 6-4, 13-11తో ఓడాడు. ఆ టిల్డెనే తర్వాతి మ్యాచ్ కూడా గెలిచి, వింబుల్డన్ సాధించిన మొదటి అమెరికన్ పురుషుడయ్యాడు. అంతటివాణ్ణి మూడో సెట్లో 24 గేములు ఆడించింది ఒక కంపెనీ ఉద్యోగి, అమ్మలూ.

ఆయనొక్కడే కాదు. జపాన్‌కి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి పతకాలు తెచ్చింది ఇచియా కుమగాయే. 1920లో ఆంట్‌వెర్ప్‌లో సింగిల్స్‌లో, డబుల్స్‌లో రెండు వెండి పతకాలు గెలిచాడు. ఆయన మిత్సుబిషి తరఫున న్యూయార్క్‌లో ఉద్యోగం చేసినవాడే. మనవాళ్ళ మాటకొస్తే, 1921లో దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్‌లో ఫ్రాన్స్‌ని ఓడించిన భారత జట్టులో మహమ్మద్ స్లీమ్ లాహోర్ బారిస్టరు, జేకబ్ ఐసీఎస్ అధికారి. ఆ జట్టునే తర్వాత షికాగోలో షిమిజు, కుమగాయే 5-0తో ఓడించారు.

ఇక నువ్వు చేయాల్సింది చెప్తాను.

చేరిన మొదటి వారంలోనే మీ మేనేజరుకి నువ్వు టెన్నిస్ ఆడతావని చెప్పు. పోటీలకి లీవు కావాల్సి వస్తుందని కూడా చెప్పు. ఒంట్లో బాలేదని అబద్ధం చెప్పి టోర్నమెంటుకి వెళ్ళే పని మాత్రం ఎన్నడూ పెట్టుకోకు. గెలిస్తే పేపర్లో ఫోటో పడుతుందేమోనని భయపడుతూ ఎవరూ ఆడలేరు. ముందే తేదీలిచ్చి, ఆ ముందు వారం పనంతా పూర్తిచేసి వెళ్ళేవాళ్ళకి ఏ ఆఫీసరూ అంత తేలిగ్గా కాదనడు. ఇది నేను లీవు అడిగిన వైపు నుంచీ, తర్వాత లీవు ఇచ్చిన వైపు నుంచీ చూసి చెప్తున్న మాట.

ఇల్లు వెతుక్కునేటప్పుడు కోర్టు ఎక్కడుందో ముందు చూసుకో. ఆఫీసుకి దగ్గరైనా సరే, ఇంటికి దగ్గరైనా సరే. బెంగళూరు ట్రాఫిక్ దాటుకుని కోర్టుకి వెళ్ళాలంటే ఎంత పట్టుదల ఉన్నవాళ్ళకైనా నెల తిరక్కుండానే విసుగొస్తుంది. అక్కడ నీకంటే బాగా ఆడేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారా అన్నది కూడా కనుక్కో. వాళ్ళ చేతిలో ఓడుతూ ఉండటం నీకు మంచిది.

ఆట విషయంలో కొత్తవి మొదలుపెట్టకు. నీ సర్వీసు మార్చాలని మీ కోచ్ ఎప్పుడూ అంటుండేవాడు. రోజూ గంటలకొద్దీ ప్రాక్టీసు చేసే టైము ఉన్నవాళ్ళ మాట అది. షిమిజుది కూడా భయపెట్టే సర్వీసు కాదు. ఏ బంతినైనా వెంటపడి తిరిగి పంపడం, ఎదుటివాడి తల మీదుగా ఎత్తుగా బంతి (లాబ్) వేయడం, ఎదుటివాణ్ణి విసిగించడం, ఇదీ ఆయన ఆట. నీకున్న బలం రిటర్ను. వారానికి రెండు రోజులే కోర్టు దొరికినా దాన్ని నిలబెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది కాళ్ళ సంగతి. 1921లో జపాన్ మొదటిసారి డేవిస్ కప్‌లో దిగి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఆడే ఆస్ట్రలేషియా జట్టుని కూడా ఓడించి, ఆఖరి పోరుకి న్యూయార్క్ ఫారెస్ట్ హిల్స్ చేరింది. సెప్టెంబరు, మంచి ఎండ. షిమిజు మళ్ళీ టిల్డెన్‌తో ఆడాడు. మొదటి సెట్ 7-5, రెండోది 6-4, రెండూ షిమిజువే. మూడో సెట్లో గెలుపుకి రెండు పాయింట్ల దూరం దాకా వచ్చాడు. ఆ సెట్ 7-5తో చేజారింది. విరామంలో టిల్డెన్ కాలికున్న సెగ్గడ్డని కోయించుకుని తిరిగొచ్చాడు. షిమిజుకి కాళ్ళలో తిమ్మిర్లు పట్టాయి. మిగిలిన రెండు సెట్లు 6-2, 6-1తో పోయాయి.

ఆ స్కోరు చూసి గుండె నిబ్బరం చాలలేదనుకునేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. అంత సేపు అంతటివాణ్ణి వెనక్కి నెట్టినవాడికి నిబ్బరం లేదని ఎలా అంటాం? కాళ్ళు సహకరించలేదు. ఉద్యోగం చేసే ఆటగాళ్ళకి ఎప్పుడూ వచ్చే చిక్కు ఇదే. చేతి నైపుణ్యం అంత త్వరగా పోదు. కుర్చీలో పగలంతా కూర్చునేవాళ్ళకి ముందు దెబ్బతినేది దమ్ము, తర్వాత కాళ్ళు. అందుకని కోర్టు దొరకని రోజుల్లో స్కిప్పింగ్ చెయ్యి, మెట్లెక్కు, పరుగెత్తు. నెలకొకసారైనా ఎండలో మూడు సెట్లు పూర్తిగా ఆడు. మొదటి సెట్ నుంచే ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగు. కాలు పట్టేశాక తాగితే ఆ మ్యాచ్‌కి పనికిరాదు.

షిమిజు గురించి జపాన్ స్కూలు పుస్తకాల్లోకెక్కిన కథ ఒకటుంది. టిల్డెన్ కాలు జారి పడితే, ఆయన లేచి అందుకునేలా మెత్తగా బంతి వేశాడని. అది ఏ మ్యాచ్‌లో జరిగిందన్నదాని మీద అక్కడ ఇప్పటికీ వాదనలున్నాయి. మంచి కథే. కానీ నీకిప్పుడు పనికొచ్చేది తిమ్మిర్ల సంగతే.

ఒక్కటి ఒప్పుకుంటాను. మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. కొత్త ఊరు, కొత్త పని, టెన్షన్. నీకంటే చిన్నవాళ్ళ చేతిలో ఓడిపోతావు. ఆ ఆరు నెలల్లో ఆట గురించి ఏ నిర్ణయమూ తీసుకోకు.

రాకెట్లు ఎవరికీ ఇవ్వకు. ఒకదానికి తీగలు వదులైనట్టున్నాయి, వెళ్ళేలోపు కొత్తవి వేయించు, డబ్బు నేనిస్తాను. ఆఫర్ లెటర్‌తో పాటు లీవు రూల్స్ కాగితం కూడా ఇచ్చి ఉంటారు. దాన్ని ఫోటో తీసి పంపు. ఏఐటీఏ (అఖిల భారత టెన్నిస్ సంఘం) పోటీల క్యాలెండరు పక్కన పెట్టుకుని, ఏ టోర్నమెంటుకి ఎన్ని రోజులు మిగుల్చుకోవాలో లెక్క వేసి చెప్తాను.

మీ పెదనాన్న