తెలియని నంబర్ ఎవరిదో తెలుసుకోవడం ఎలా?

ఒకే కొత్త నంబర్ నుంచి పదే పదే ఫోన్ వస్తోంది, ఎత్తితే మాట్లాడరు, అది ఎవరిదో తెలుసుకునే దారి ఉందా అని అడిగారు. పేరు చాలాసార్లు తెలుస్తుంది. అడ్రస్, లొకేషన్ లాంటివి మాత్రం మనకి దొరకవు, దొరక్కపోవడమే మంచిది. రేపు మన అడ్రస్ కూడా ఎవడో ఒకడు లాగుతాడు కదా! సిమ్ ఎవరి పేరున ఉందో టెలికాం కంపెనీ పోలీసులకి చెబుతుంది గానీ, స్టోర్‌కి వెళ్లి ఎంత బతిమాలినా మనకి చెప్పదు. 'నంబర్ కొట్టండి, ఓనర్ ఫొటో, ఇంటి అడ్రస్ చూపిస్తాం' అనే సైట్ల జోలికి అసలు వెళ్లకండి.

మా అమ్మకీ ఇలాగే అయింది. సరిగ్గా సాయంత్రం దీపం పెట్టే వేళకి ఫోన్. నాన్న 'హలో' అనగానే టక్కున కట్. ట్రూకాలర్‌లో చూస్తే 'ఆటో అంకుల్' అని వచ్చింది. మా ఇంట్లో స్కూలుకెళ్లే పిల్లలే లేరు, ఆటో అంకుల్‌తో మాకేం పని?

ట్రూకాలర్‌లో కనిపించే పేరు ప్రభుత్వ రికార్డుల్లోంచి వచ్చేది కాదు. ఎక్కువగా జనం తమ ఫోన్లలో ఏమని సేవ్ చేసుకున్నారో అదే. అందుకే ఒక్కోసారి 'ప్లంబర్', 'ఎత్తొద్దు' లాంటివి కూడా కనిపిస్తాయి. ఆధారంగా పనికొస్తుంది, రుజువుగా పనికిరాదు.

మాకు పనిచేసింది ఫోన్‌పే. డబ్బు పంపే చోట ఆ నంబర్ కొట్టాను. పిన్ దాకా వెళ్లక్కర్లేదు, పేరు ముందే కనిపిస్తుంది. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లన్నీ డబ్బు అందుకునే వ్యక్తికి బ్యాంకు ఖాతాలో ఉన్న పేరే చూపించాలని రూల్ వచ్చింది కాబట్టి ముద్దుపేర్ల గొడవ లేదు. మన వాళ్లకి ఇందులో ఇంకో లాభం ఉంది: ఖాతాలో చాలామందికి ఇంటిపేరు కూడా ఉంటుంది. స్క్రీన్ మీద ఆ ఇంటిపేరు చూడగానే అమ్మ, 'వీళ్లు మన పాత వీధిలో ఉండేవాళ్లు కాదూ?' అంది. ఆ ఇంటి అబ్బాయి స్కూల్ ఆటో నడుపుతాడట. కొత్త ఫోన్ కొనుక్కుని, పాతది సిమ్‌తో సహా వాళ్లమ్మకి ఇచ్చేశాడు. ఆవిడ మా అమ్మ కోసం చేస్తున్నారు. మగ గొంతు వినపడితే రాంగ్ నంబర్ అనుకుని పెట్టేస్తున్నారు. అంటే ఖాతాలో పేరు ఒకరిది, మాట్లాడేది ఇంకొకరు. యూపీఐలో పేరు వచ్చింది కదా అని ఆ మనిషి మీద విరుచుకుపడకండి. పేరు చూశాక అక్కడితో ఆగండి, 'ఒక్క రూపాయి పంపి చూద్దాం' అనుకోవద్దు. పంపితే మీ పేరు వాళ్లకి తెలుస్తుంది.

యూపీఐ లేని నంబరైతే సేవ్ చేసి వాట్సాప్ డీపీ చూడండి. నంబర్‌లో మొదటి అంకెలను బట్టి కంపెనీ, రాష్ట్రం చెప్పే పద్ధతిని ఇప్పుడు నమ్మడానికి లేదు. నంబర్ మారకుండా కంపెనీ మారే వీలు 2011లోనే దేశమంతా వచ్చింది, 2015 నుంచి సర్కిల్ (కంపెనీలు సేవలిచ్చే ప్రాంతం, దాదాపు రాష్ట్రం లాంటిది) కూడా మారొచ్చు. 140తో మొదలైతే మాత్రం ప్రకటనల కాల్, ఎత్తక్కర్లేదు.

మీ సిమ్ కొత్తదైతే ఇంకో సంగతి. ఆపేసిన నంబర్లను కంపెనీలు కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత వేరే వాళ్లకి ఇస్తాయి. నా నంబర్ అలా వచ్చిందే. పాతాయన తీసుకున్న అప్పు గురించి రికవరీ వాళ్లు నన్ను వాయించేవాళ్లు. అలాంటప్పుడు ఫోన్ చేసేది ఎవరో కాదు, వాళ్లు ఎవరికి చేస్తున్నారో కనుక్కోవాలి.

పోలీసులం, సీబీఐ, మీ పేరున పార్శిల్ దొరికింది అంటూ మొదలుపెడితే ఓనర్ ఎవరని వెతకడం దండగ. ఆ సిమ్ ఏ అమాయకుడి పేరునో ఉంటుంది. కట్ చేసి, ప్రభుత్వ టెలికాం పోర్టల్ సంచార్ సాథీలో మోసపు కాల్స్ కోసం ఉన్న 'చక్షు' విభాగంలో ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సిమ్ తీసుకున్నప్పుడు ఇచ్చిన పేరే ఫోన్ మోగగానే స్క్రీన్ మీద కనిపించే ఏర్పాటును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. అది అందరికీ వస్తే ఈ తిప్పలు సగం తగ్గుతాయి.

మీరు ఆడవాళ్లై, వద్దన్నా వదలకుండా చేస్తున్నది మగవాడైతే ఇవన్నీ పక్కన పెట్టండి. అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. కాల్ లిస్టు, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, డిలీట్ చేయకండి. తెలంగాణలో ఉంటే ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలైన షీ టీమ్స్‌కి, ఇంకెక్కడైనా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే ఆ నంబర్ ఎవరిదో వాళ్లే తీస్తారు.