పబ్లిక్ డిఫెండర్ అవ్వాలంటే ఏ లా స్కూల్? – సమాధానం

అక్కా, మీ అబ్బాయి పబ్లిక్ డిఫెండర్ (లాయర్‌ని పెట్టుకోలేని నిందితుల తరఫున ఉచితంగా వాదించే లాయర్) అవ్వాలనుకుంటున్నాడని, రెండు సీట్లు వచ్చాయని అన్నారు: న్యూయార్క్‌లోనే ఒక ప్రైవేటు కాలేజీలో సగం స్కాలర్‌షిప్‌తో, ఇంకోటి క్వీన్స్‌లో ఉన్న క్యూనీ (సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్, ప్రభుత్వ యూనివర్సిటీ) లా స్కూల్లో. మీరు ఆ రాష్ట్రం వాళ్లే కాబట్టి అక్కడ ఫీజు తక్కువ, నేనైతే కళ్లు మూసుకుని క్యూనీ అంటాను. ర్యాంకు గురించి బంధువులు ఏమంటారోనన్న టెన్షన్ వదిలేయండి. డిఫెండర్ ఆఫీసు వాళ్లు ముఖ్యంగా చూసేది ఏ క్లినిక్‌లో (విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో నిజమైన కేసులు చూసే కోర్సు) చేశాడు, ఎలాంటి క్లయింట్ల తరఫున పనిచేశాడు అని. క్యూనీ పెట్టిందే అలాంటి లాయర్ల కోసం.

ఆ స్కాలర్‌షిప్ లెటర్ ఇంకోసారి చదవండి. ఫలానా జీపీఏ నిలబెట్టుకోవాలన్న షరతు ఉందా? ఫస్టియర్ గ్రేడ్లు సాధారణంగా కర్వ్ మీద (క్లాసులో మిగతావాళ్లతో పోల్చి) వేస్తారు, కష్టపడి చదివినా కొందరికి తగ్గక తప్పదు. ఎంతమందికి స్కాలర్‌షిప్ పోయిందో కాలేజీ వెబ్‌సైట్‌లోని 509 రిపోర్టులో (లా స్కూళ్లు తప్పనిసరిగా బయటపెట్టాల్సిన వివరాల పత్రం) ఉంటుంది.

అసలు చిక్కు లోన్ దగ్గర. ప్రభుత్వ ఆఫీసులోనో లాభాపేక్ష లేని సంస్థలోనో పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగతాది పీఎస్‌ఎల్‌ఎఫ్ (ప్రజాసేవలో ఉన్నవాళ్లకి లోన్ మాఫీ పథకం) కింద మాఫీ అవుతుంది, కానీ ఫెడరల్ లోన్‌కి, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అప్పుకి మాత్రమే. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే లా విద్యార్థికి అది ఏడాదికి 50,000 డాలర్లు దాటదు. స్కాలర్‌షిప్‌తో సగం ఫీజు తగ్గినా, న్యూయార్క్ అద్దె కలిస్తే ఆ గీత దాటడం ఎంతసేపు? పైమొత్తం ప్రైవేటు లోన్, దానికి మాఫీ లేదు.

ఒకవేళ బాబు మనసు ప్రైవేటు కాలేజీ మీదే ఉంటే, డిపాజిట్ కట్టకముందే ఆ జీపీఏ షరతు తీసేయమని కాలేజీకి మెయిల్ పెట్టమనండి.