లైపోసక్షన్‌తో వేలాడే చర్మం పోదు

అమ్మా, బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయిన పది నెలల్లో 118 కిలోల నుంచి 76కు వచ్చానని, పొట్ట మీద వేలాడే చర్మం లైపోసక్షన్‌తో పోతుందా అని అడిగారు. పోదు. అది కొవ్వును లాగుతుందే తప్ప సాగిపోయిన చర్మాన్ని ఏమీ చేయలేదు. మీకు కావలసింది చర్మాన్ని కోసి తీసే ఆపరేషన్.

కానీ ఇప్పుడే వద్దు. ఇంకా నెలకు రెండు కిలోలు తగ్గుతున్నానన్నారు కదా! బరువు మూడు నుంచి ఆరు నెలలు ఒకచోట నిలవాలి. లేకపోతే కోయించుకున్న చోటే మళ్లీ వదులవుతుంది. ఈలోగా హిమోగ్లోబిన్, ఐరన్, బి12, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రొటీన్) పరీక్షలు చేయించుకోండి. ప్రొటీన్ చాలకపోతే గాయం త్వరగా మానదు.

ఇదే ఆపరేషన్‌లో నాకు కోత ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా పెట్టారు. వారం రోజులు, కింద పడిన చిల్లర వెతుక్కుంటున్నదానిలా వంగే నడిచాను. పక్కన లోపల చేరే నీరు బయటికి పోవడానికి రెండు డ్రెయిన్ గొట్టాలు, పైన బిగుతు బెల్టు ఆరు వారాలు, అదీ మే నెలలో! మీరైనా చలికాలం చూసుకోండి.

పొట్ట, చేతులు, తొడలు ఒకేసారి చేయించుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆపరేషన్ సమయం పెరిగేకొద్దీ కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మరో బిడ్డ ఆలోచన ఉంటే పొట్ట సంగతి ఆ తర్వాతే.

అందం కోసం చేసే ఆపరేషన్లకు బీమా సాధారణంగా వర్తించదు. మడత కింద ఒరిసి పుండ్లు పడుతున్నాయన్నారు కాబట్టి, ఇది అందం కోసం కాదని బీమా కంపెనీకి చూపడానికి ఆ ఫొటోలు, చర్మవైద్యుడి చీటీలు తేదీలతో సహా దాచిపెట్టండి.